ఏ నిర్ణయం ఎవరిది? తరగతి గదిలో శాస్త్రీయ అన్వేషణకు తగిన సాధనాలు, పాఠ్యప్రణాళికలు

లోలకం ప్రయోగానికి రికార్డు పుస్తకంలో ఉద్దేశం, కావలసిన పరికరాలు, చేయు విధానం, పరిశీలనలు, ఫలితం అనే శీర్షికలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఆఖరి శీర్షిక కింద ఏం రాయాలో కూడా విద్యార్థికి ముందే తెలుసు: ఒక డోలనానికి పట్టే కాలం దారం పొడవు మీద ఆధారపడుతుంది, గుండు బరువు మీద ఆధారపడదు. కొలిచిన అంకె ఆ వాక్యానికి ఒదగకపోతే విద్యార్థి మామూలుగా అంకెనే సర్దుతాడు. దీన్ని బద్ధకమనో, నిజాయతీ లోపమనో కొట్టిపారేయడం తేలికే గాని, ఆ పుస్తకం అతణ్ణి అడిగిందే అది. జవాబు ముందే రాసిపెట్టి, దాన్ని ప్రకృతి చేత సాక్షి సంతకం పెట్టించుకు రమ్మని పంపితే, సంతకం ఎలాగోలా వచ్చి తీరుతుంది.

అదే లోలకాన్ని ఫలితం చెప్పకుండా పిల్లల చేతికిచ్చారనుకుందాం. ‘ఊగే వేగాన్ని ఏది మారుస్తుంది?’ అన్నది ప్రశ్న. దారం, వాషర్లు, స్కేలు, స్టాప్‌వాచ్ వాళ్ల ముందున్నాయి. ఒక జట్టు 30 సెంటీమీటర్ల దారం చివర ఒక వాషర్ కట్టి, పది డోలనాలకు పట్టిన కాలాన్ని మూడుసార్లు కొలిచింది: 11.2, 11.3, 11.3 సెకన్లు. తరువాత బరువు పెంచాలని ఆ వాషర్ కింద ఇంకొకటి, దాని కింద మరొకటి గొలుసులా తగిలించి మళ్లీ కొలిచింది: 11.8, 11.7, 11.9. ‘బరువు పెరిగితే నెమ్మదిగా ఊగుతుంది’ అని రాసుకుంది. ఆ పిల్లలు ఒక్క డోలనాన్ని కాక పది డోలనాలను కలిపి కొలవబట్టి స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే తప్పు తగ్గింది, ప్రతి కొలతా మళ్లీ మళ్లీ తీసుకున్నారు, రెండు గుంపుల అంకెలు ఒకదానిలోకి ఒకటి చొరబడలేదు. చేసిన పనిలో వేలు పెట్టి చూపడానికి వీలైన తప్పు దాదాపు లేదు. అయినా ముగింపు తప్పు. ఎందుకంటే మూడు సెంటీమీటర్ల వెడల్పున్న వాషర్లను ఒకదాని కింద ఒకటి వేలాడదీసినప్పుడు బరువుతో పాటు వాటి గరిమనాభి, అంటే బరువంతా పోగైనట్టుండే బిందువు, కూడా మూడు సెంటీమీటర్లు కిందికి దిగింది. వాళ్లకు తెలియకుండానే లోలకం పొడవు పెరిగింది. అర సెకను తేడా ఆ పొడవు తెచ్చిందే.

పాఠ్యప్రణాళిక తయారుచేసేవారి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ‘వాషర్లన్నీ ఒకే చోట వేలాడదీయండి’ అని పనిపత్రంలో ముందే రాయవచ్చు. అప్పుడు తప్పు రాదు, కాని పిల్లలు ఆలోచించాల్సిన అతి ముఖ్యమైన సంగతిని పత్రమే ఆలోచించేస్తుంది. ఏమీ చెప్పకుండా వదిలేయవచ్చు. అప్పుడు జట్టు తప్పు ముగింపుతో ఇంటికి వెళుతుంది, లేదా గంట కొట్టేముందు ఉపాధ్యాయుడు సరైన జవాబు చెప్పేయగా, తమ కొలతల కన్నా పెద్దవాళ్ల మాటే నమ్మదగినదన్న పాఠం నేర్చుకుంటుంది. మూడో దారి ఉంది. అన్ని జట్ల అంకెలూ ఒకే పట్టికలోకి వచ్చేలా, ప్రతి అంకె పక్కన లోలకం ఎలా కట్టారో చిన్న బొమ్మ గీసేలా తరగతి పనిని అమర్చడం. మూడు వాషర్లను ఒకే ముడికి గుత్తిగా కట్టిన మరో జట్టుకు 11.3 వచ్చి ఉంటుంది. రెండు బొమ్మలు, రెండు అంకెలు పక్కపక్కన కనిపించాక, అడగవలసిన ప్రశ్న ఎవరో ఒకరి నోట రాక తప్పదు.

అన్వేషణను ప్రోత్సహించే బోధన గురించి జరిగే వాదాల్లో చాలా భాగం ‘స్వేచ్ఛ ఎంత, మార్గదర్శనం ఎంత’ అన్న తక్కెడ చుట్టూ తిరుగుతుంది. ఆ తక్కెడ ఈ పనికి సరిపోదని నా అభిప్రాయం. ఒక ప్రయోగంలో ఎన్నో నిర్ణయాలుంటాయి. ఏ ప్రశ్న అడగాలి, ఏది మార్చాలి, ఏది మారకుండా చూడాలి, ఎన్నిసార్లు కొలవాలి, రెండు అంకెల మధ్య తేడాను ఎప్పుడు తేడాగా లెక్కించాలి, ఏ ముగింపుకు ఎంత గట్టిగా కట్టుబడాలి. సాధనమైనా, పాఠమైనా చేసేది ఈ నిర్ణయాలను పంచడమే: కొన్ని విద్యార్థికి, కొన్ని ఉపాధ్యాయుడికి, కొన్ని పరికరానికి. అందుకే పిల్లలకు మిగిల్చిన నిర్ణయం ఏది, అందులో పొరబడితే ఆ పొరపాటు వాళ్ల కళ్లకే కనబడే ఏర్పాటు ఉందా లేదా అన్నవే ఏ పాఠాన్నయినా అడగవలసిన ప్రశ్నలు.

ఈ చర్చ పాతదే. విజ్ఞానాన్ని పోగుపడిన సమాచారంగా బోధించి, ఆలోచించే పద్ధతిగా బోధించకపోవడాన్ని జాన్ డ్యూయీ 1910లో సైన్స్ పత్రికలో అచ్చయిన వ్యాసంలోనే తప్పుపట్టాడు. 1956లో అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కేంద్రంగా జెరాల్డ్ జకారియాస్ నాయకత్వంలో కొత్త భౌతికశాస్త్ర పాఠాల తయారీ మొదలైంది. మరుసటి ఏడాది సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించడంతో ఇటువంటి పనులకు డబ్బుకు కొరత లేకపోయింది. 1958లో జీవశాస్త్రానికీ అటువంటి బృందమే ఏర్పడింది. ఆ జీవశాస్త్ర బృందంలో పనిచేసిన జోసెఫ్ ష్వాబ్, బడిలో విజ్ఞానశాస్త్రం తేలిపోయిన తీర్మానాల వల్లెవేతగా మారిందని విమర్శిస్తూ, ప్రయోగశాల పుస్తకం ప్రశ్న, పద్ధతి, జవాబు అనే మూడింటిలో దేన్ని ఇచ్చి దేన్ని ఖాళీగా వదులుతుందో చూడమన్నాడు. 1971లో మార్షల్ హెరాన్ దాన్నే నాలుగు మెట్ల కొలబద్దగా మలిచాడు. మూడూ ఇస్తే సున్నా, మూడూ విద్యార్థికే వదిలితే మూడు.

ఈ కొలబద్ద తనిఖీకి బాగానే ఉపయోగపడుతుంది. ఏ ప్రయోగశాల పుస్తకానికైనా పట్టి చూస్తే ఎక్కువ ప్రయోగాలు కింది మెట్ల మీదే తేలతాయి. అయితే మెట్లంటే ఎక్కాలనిపిస్తుంది. అన్నీ వదిలేసిన పాఠమే అత్యున్నతమన్న భావన అలా స్థిరపడింది. నిజానికి ప్రశ్నను ఉపాధ్యాయుడే ఇచ్చినా, పద్ధతి కూడా కొంత చెప్పినా, సాక్ష్యాన్ని తూచే పని పూర్తిగా పిల్లలదైతే ఆ పాఠం గొప్పది కావచ్చు. మూడూ వదిలేసినా, పిల్లలు ఇష్టమొచ్చినట్టు రంగులు కలిపి, ఫొటో తీసి, అట్ట మీద అంటించి ముగించేయనూ వచ్చు.

2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ ఈ ధోరణి మీద గట్టి దాడి చేశారు. కొత్తగా నేర్చుకునేవాడి పని జ్ఞాపకశక్తికి, అంటే ఆ క్షణంలో మనసులో పట్టి ఉంచుకునే శక్తికి, చోటు చాలా తక్కువ. వెతుకులాటే ఆ చోటునంతా ఆక్రమిస్తే నేర్చుకోవడానికి ఏమీ మిగలదని, కాబట్టి మార్గదర్శనం తక్కువైన బోధన విఫలమవుతుందని వారి వాదన. మరుసటి ఏడాది సిండీ హ్మెలో-సిల్వర్, రవిత్ డంకన్, క్లార్క్ చిన్ జవాబిచ్చారు. చక్కగా రూపొందించిన అన్వేషణ పాఠాల్లో మార్గదర్శనం తక్కువగా ఏమీ ఉండదని, పైగా చాలా ఉంటుందని, విమర్శకులు రెండు వేర్వేరు వాటిని ఒకే గాటన కట్టారని వారన్నారు. ఈ రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇరుపక్షాలూ ఒకరినొకరు ఖండిస్తున్నదాని కన్నా, ‘అన్వేషణ’ అనే మాటకు రెండు అర్థాలు పెట్టుకుని మాట్లాడుతున్నారనే అనిపిస్తుంది.

అంకెలున్న ఉదాహరణ ఒకటి చూద్దాం. డేవిడ్ క్లార్, మిలేనా నిగమ్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు వాలు పలకలు, బంతులు ఇచ్చారు. ఒకసారికి ఒక్క చరరాశిని, అంటే మారగల అంశాన్ని, మాత్రమే మార్చాలన్న సూత్రాన్ని కొందరికి నేరుగా నేర్పారు, కొందరిని సొంతంగా కనుక్కోమన్నారు. నేరుగా నేర్చుకున్నవారిలో 77 శాతం, సొంతంగా వెతికినవారిలో 23 శాతం ఆ నేర్పు సాధించారు. ఇంత స్పష్టమైన ఫలితం చూశాక, ఆ సూత్రాన్ని చెప్పేయకుండా దాచి ఉంచడంలో ఏ ప్రయోజనమూ లేదని ఒప్పుకోవాలి. అయితే డేవిడ్ డీన్, డియానా కూన్ 2007లో ఇదే సంగతిని ఎక్కువ కాలం పాటు పరిశీలించినప్పుడు, మొదట్లో ఒకసారి నేరుగా చెప్పడం వల్ల వచ్చిన లాభం అలాగే నిలిచిపోలేదు. సమస్యల మీద మళ్లీ మళ్లీ పనిచేసే అవకాశమే నిలిచే నేర్పును ఇచ్చింది. మన వాషర్ల జట్టును గుర్తుచేసుకుంటే ఇందులో వింత ఏమీ లేదు. ‘ఒక్కటే మార్చాలి’ అన్న సూత్రం ఆ పిల్లలకు తెలుసు, పాటించామనే అనుకున్నారు కూడా. తెలియనిదల్లా బరువును మార్చే చెయ్యే పొడవును కూడా మార్చగలదన్న సంగతి. అది సూత్రంలో లేదు, దారంలో ఉంది.

మార్గదర్శనానికి ఈ రంగంలో స్థిరపడిన ఉపమానం పరంజా. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ రాసిన వ్యాసం నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. గోడ లేచేదాకా పరంజా ఉంటుంది, లేచాక విప్పేస్తారు. తరగతి గదిలో విప్పేయడమే ఎక్కువగా మరచిపోతారు. ఏడాది మొదట్లో ఇచ్చిన ఖాళీల పనిపత్రమే ఏడాది చివరా కనబడుతుంది. పట్టికలో గీతలు, శీర్షికలు మొదటి రెండు ప్రయోగాలకు ఇచ్చి, మూడోదానికి ఖాళీ కాగితమిచ్చి, ‘ఏ గడులు కావాలో మీరే గీసుకోండి’ అన్న రోజే పట్టిక ఎందుకో పిల్లలకు అర్థమయిందో లేదో మనకు తెలుస్తుంది.

బ్రయన్ రైజర్ 2004లో ఈ ఉపమానానికి ఒక ముఖ్యమైన మెలిక జోడించాడు. మంచి సాధనం పనిని సులువు చేయడమే కాదు, అవసరమైన చోట చిక్కు కూడా పెట్టాలని అన్నాడు. అతడి బృందం తయారుచేసిన కంప్యూటర్ పాఠాల్లో ఒకటి గాలపగోస్ దీవుల ఫించ్ పిట్టల గురించినది. 1977లో డాఫ్నీ మేజర్ దీవిలో వానలు పడక ఎక్కువ పిట్టలు చనిపోయాయి, కొన్ని బతికాయి. పీటర్, రోజ్‌మరీ గ్రాంట్ దంపతులు ఆ దీవిలో చేసిన క్షేత్ర పరిశోధనలో తేలినదేమిటంటే, చిన్న మెత్తని గింజలు అయిపోయాక మిగిలిన పెద్ద గట్టి గింజలను పగలగొట్టగల పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా మిగిలాయి. పాఠంలో ఈ ముగింపు ఎక్కడా ఉండదు. పిట్టల కొలతలు, వానల లెక్కలు, పరిశీలకుల క్షేత్ర లిఖితాలు మాత్రమే ఉంటాయి. అయితే ఆ సమాచార సముద్రంలో విద్యార్థిని ఒంటరిగా వదిలేయరు. వివరణ రాసే తెర మీద ప్రశ్నకొక చోటు, దానికి ప్రతిపాదించే కారణానికొక చోటు, ఆ కారణానికి ఆధారం జతచేయడానికొక చోటు ఉంటాయి. ఆధారం లేని కారణం రాస్తే ఆ గడి ఖాళీగా అక్కడే వెక్కిరిస్తూ ఉంటుంది. సాధనం ఇక్కడ జవాబు చెప్పలేదు, తప్పూ పట్టలేదు. లోపం దాగకుండా చేసిందంతే.

ప్రతిపాదన, ఆధారం, హేతువు అనే మూడు గడుల చట్రం ఇప్పుడు చాలాచోట్ల వాడుకలో ఉంది. దాని మీద నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. మొదటిసారి చూసిన పిల్లలకు అది కళ్లు తెరిపిస్తుంది. ‘అంకె ఉంది సరే, ఆ అంకె ఈ మాటను ఎలా నిరూపిస్తుంది?’ అన్న మూడో గడి ముందు చాలామంది మొదటిసారి ఆగి ఆలోచిస్తారు. కాని ఇరవయ్యోసారికి అది కూడా పాత రికార్డు పుస్తకపు శీర్షికల్లాగే మారి, ‘ఎందుకంటే ప్రయోగంలో అలా వచ్చింది కాబట్టి’ అన్న వాక్యంతో నిండిపోతుంది. ఎదుటి జట్టు మరో ప్రతిపాదన చేసి, దాన్ని నమ్మించవలసిన అవసరం వస్తే తప్ప హేతువు గడికి ప్రాణం రాదు. చట్రాన్ని కాపాడేది ఎదురువాదమే.

కంప్యూటర్, సెన్సర్ సాధనాల విషయంలోనూ ఇదే లెక్క. 1980లలో రాబర్ట్ టింకర్ వంటివారు కంప్యూటర్‌కు సెన్సర్లు తగిలించి, విద్యార్థి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే అతడి స్థానం గ్రాఫ్‌గా తెర మీద గీసుకుపోయే ఏర్పాటు చేశారు. హెదర్ బ్రాసెల్ 1987లో చూపినదాని ప్రకారం, నడకతో పాటే గ్రాఫ్ కనబడినప్పుడు వచ్చే లాభం, అది ఇరవై ముప్పై సెకన్లు ఆలస్యంగా కనబడినా చాలావరకు పోతుంది. ఒంటికి తెలిసిన కదలికా, కంటికి కనబడే గీతా ఒకే క్షణంలో కలవడంలోనే ఆ సాధనం బలమంతా ఉంది. గ్రాఫ్ గీసే శ్రమను యంత్రానికి అప్పగించడం ఇక్కడ సరైన పంపకం, ఎందుకంటే పాఠం గ్రాఫ్ చదవడం గురించి. గ్రాఫ్ గీయడమే పాఠమైతే అదే యంత్రం పిల్లల పనిని దోచుకున్నట్టవుతుంది.

సిమ్యులేషన్లకు, అంటే ప్రయోగాన్ని తెర మీదే అనుకరించే కంప్యూటర్ పాఠాలకు, రెండు వైపులా పదునుంది. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లను విద్యుత్ వలయాల మీద పరీక్షించినప్పుడు, తెర మీద మాత్రమే పనిచేసిన విద్యార్థులు తరువాత నిజమైన తీగలతో వలయం కట్టడంలోనూ అసలు పరికరాలతో నేర్చుకున్నవారి కన్నా బాగా చేశారు. నోవా ఫింకెల్‌స్టైన్ బృందం 2005లో ఇది ప్రచురించింది. తెర మీద ఎలక్ట్రాన్ల ప్రవాహం కనబడుతుంది, వదులైన క్లిప్పులు ఉండవు. కాని లోలకం దగ్గర ఆ శుభ్రతే నష్టం. సిమ్యులేషన్‌లో బరువు మీట జరిపితే బరువొక్కటే మారుతుంది. గరిమనాభి దిగిపోదు, ముడి జారదు, పదిసార్లు కొలిచినా ఒకే అంకె వస్తుంది. చరరాశులను విడదీసే నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్ రాసినవాడే తీసేసుకున్నాడు. సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి అది హాయిగా పనికివస్తుంది, కొలతను శంకించడం నేర్చుకోవడానికి పనికిరాదు. రెండూ కావాలంటే రెండూ వాడాలి, ముందు దారం, తరువాత తెర.

ఒక్క పాఠంతో ఇదంతా జరగదు గనుక వరుస ముఖ్యం. వాషర్ల జట్టు 11.3కు, 11.8కు మధ్య తేడా నిజమైనదా అని తేల్చుకోగలగాలంటే, ఒకే లోలకాన్ని పదిసార్లు కొలిస్తే పది రకాల అంకెలు వస్తాయని, ఆ చెదురు ఎంతో ముందే చూసి ఉండాలి. కాబట్టి లోలకం పాఠానికి ముందు, ఒకే వస్తువును తరగతిలో అందరూ కొలిచి అంకెల చెదురును గీసి చూసే పాఠం ఉండాలి. ఇటువంటి ముందువెనకల ఆలోచనే పాఠ్యప్రణాళిక. రాబర్ట్ కార్‌ప్లస్ 1960లలో రూపొందించిన అభ్యసన చక్రం, 1980ల చివర్లో దాని నుంచి వచ్చిన ఐదు దశల నమూనా చెప్పేది ఒకటే: ముందు అనుభవం, తరువాత దానికి పేరు. పదం ముందొస్తే అనుభవం ఆ పదానికి బొమ్మగా మిగిలిపోతుంది. 2012లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి చట్రం ‘అన్వేషణ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా ఎనిమిది శాస్త్రీయ ఆచరణలుగా విడదీసి చెప్పింది. నమూనాలు కట్టడం, ఆధారంతో వాదించడం వంటివి పేరుపెట్టి చేర్చడం వల్ల, ప్రయోగం చేస్తే చాలు అన్వేషణ అయిపోతుందన్న అపోహకు కొంత అడ్డు పడింది.

ఇక పరీక్షల సంగతి. ఎంత మంచి పాఠాన్నయినా ప్రశ్నపత్రం మింగేయగలదు. 1972లో మధ్యప్రదేశ్‌లో 16 పాఠశాలల్లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం ఈ సంగతి మొదట్లోనే గ్రహించింది. అక్కడి పిల్లలు పుస్తకం తెరిచి పెట్టుకుని పరీక్ష రాసేవారు, పరీక్షలో ప్రయోగాలు కూడా ఉండేవి. జ్ఞాపకాన్ని పరీక్షించే వీలే లేకుండా చేసినందువల్ల తరగతిలో జ్ఞాపకానికి ఇచ్చే సమయమూ తగ్గింది. మూడు దశాబ్దాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. మూల్యాంకనం పిల్లల చేతుల్లోకే వెళ్లినప్పుడు ఏమవుతుందో బార్బరా వైట్, జాన్ ఫ్రెడరిక్‌సన్ 1998లో చూపారు. బలం, చలనం గురించిన తమ పాఠాల్లో, మంచి పరిశోధన అంటే ఏమిటన్న కొలమానాలు పిల్లలకే ఇచ్చి, తమ పనినీ తోటివారి పనినీ వాటితో తూచమన్నారు. దీనివల్ల అందరూ లాభపడినా, అంతకుముందు వెనకబడి ఉన్న పిల్లలు ఎక్కువ లాభపడ్డారు. మంచి పని ఎలా ఉంటుందో కొందరు పిల్లలకు ఇంటి దగ్గరే తెలుస్తుంది, మిగిలినవారికి ఎవరూ చెప్పరు. చెప్పగానే అంతరం తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

ఈ బరువంతా చివరికి మోసేది ఉపాధ్యాయుడే అయినా, అతడి కోసం రాసే మార్గదర్శిని మీదే అందరూ తక్కువ శ్రద్ధ పెడతారు. చాలా మార్గదర్శినుల్లో సరైన జవాబులుంటాయి. ఉండవలసినవి పిల్లలు ఇవ్వబోయే జవాబులు. లోలకం పాఠానికి ఆ పేజీ ఇలా ఉండవచ్చు: ‘కొన్ని జట్లకు బరువు పెరిగితే కాలం పెరిగినట్టు వస్తుంది. వాషర్లను గొలుసులా కట్టారేమో చూడండి. తప్పని చెప్పవద్దు. గుత్తిగా కట్టిన జట్టు పట్టికను పక్కన పెట్టి, రెండు లోలకాల్లో బరువు కాక ఇంకేదైనా తేడా ఉందా అని అడగండి. ఎవరూ చెప్పలేకపోతే దారం చివరిదాకా కాకుండా, బరువంతా ఎక్కడ పోగైందో అక్కడిదాకా స్కేలు పెట్టి కొలవమనండి. దీనికి పది నిమిషాలు అదనంగా ఉంచుకోండి.’ ఆ పది నిమిషాలు కాలపట్టికలో ఎక్కడి నుంచి వస్తాయో కూడా మార్గదర్శినే చెప్పాలి. లేకపోతే మొదట కోతపడేది అదే.

అదే పేజీలో ఇంకో గడి కూడా ఉండాలి. ఎవరో ఒకరు గుండును బాగా పక్కకు, 60 డిగ్రీల దాకా లాగి వదులుతారు. వారికి పది డోలనాలకు 11.3 బదులు 12 సెకన్ల దగ్గర వస్తుంది. ఎంత దూరం లాగినా కాలం మారదని పుస్తకం చెబుతుంది గాని, ఆ మాట చిన్న కోణాలకే చెల్లుతుంది. 60 డిగ్రీల దగ్గర కాలం సుమారు 7 శాతం పెరుగుతుంది. ఇక్కడ పిల్లల అంకే సరైనది. వాషర్ల జట్టు తన పొరపాటు తెలుసుకున్న మరుక్షణమే ఈ జట్టు లేచి తమ పట్టిక చూపిస్తుంది, తరగతి మొత్తం అలవాటుగా ‘మీరూ ఏదో తప్పు కట్టి ఉంటారు’ అంటుంది. మార్గదర్శిని ఆ క్షణానికి ఉపాధ్యాయుణ్ణి ముందే సిద్ధం చేసి ఉంటే, అతడు చాక్‌పీస్ కింద పెట్టి, ‘అలాగైతే ఎక్కడ తప్పు కట్టారో కనిపెట్టండి’ అని దారాలను మళ్లీ వాళ్ల చేతికే ఇస్తాడు.